ఆ ప్లై విప్పకండి

ప్రశ్న: మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. కాకినాడలో ఉంటున్నాను. ఎన్నాళ్లుగానో ఉన్న కోరికతో 28 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ కొని, కేబిన్ లోపలంతా కొత్తగా చేయించడానికి ఒక యార్డుకు ఇచ్చాను. నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై వాడతామని కొటేషన్‌లో రాశారు. రూ.7 లక్షలు ఇచ్చాను. అందులో 2 లక్షలు నగదు, రసీదు లేదు. 2025 ఫిబ్రవరిలో పడవ అప్పగించారు. అక్టోబరుకల్లా పడకలు, అడ్డగోడలు ఉబ్బి పొరలు లేచాయి. అడిగితే ‘చేస్తాం సార్’ అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు. మొత్తం పీకేసి వేరే వడ్రంగితో చేయించి, వీళ్ల మీద చీటింగ్ కేసు పెడదామనుకుంటున్నాను.

జవాబు: కొటేషన్‌లో రాసిన ప్లై వేశారా, లేదా? మీ కేసంతా ఇదే. భారత ప్రమాణాల్లో మెరైన్ ప్లై నంబరు ఐఎస్ 710. 72 గంటలు నీళ్లలో ఉడికించినా దాని పొర విడవకూడదు. ఇళ్లలో అలమరాలకు వాడే మామూలు రకానికి ఐఎస్ 303 ముద్ర ఉంటుంది. ఎనిమిది నెలలకే పొరలు లేచాయంటే అనుమానం రావాల్సిందే. అయితే అనుమానంతో కేసు గెలవలేం.

యార్డువాళ్లు ఏమంటారో ఇప్పుడే చెబుతాను. ‘మా ప్లై మంచిదే. పాత పడవ కదా, తెరచాప స్తంభం తీగలు బిగించే స్టీలు పట్టీల పక్కనుంచి నీళ్లు కారి అడ్డగోడలోకి దిగాయి. ఆ లీకు మా పని కాదు’ అంటారు. పాత పడవల్లో అలా కారడం మామూలే, కాబట్టి మీరు ఫిర్యాదు వేయాల్సిన వినియోగదారుల కమిషన్ కూడా ఆలోచిస్తుంది. ఆ పట్టీలకు దూరంగా ఉన్న పడకల పలకలూ ఉబ్బాయని చూపిస్తే ఆ వాదన వీగిపోతుంది. అందుకే ఒక్క స్క్రూ కూడా విప్పకండి. పీకి పారేసిన రోజే మీ కేసూ పోతుంది. ఫొటో చూసి ప్లై గ్రేడు ఎవరూ తేల్చలేరు.

చీటింగ్ కేసంటారా, మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే సివిల్ తగాదా అని పంపేస్తారు. ఈలోపు కమిషన్‌లో ఫిర్యాదు వేసే గడువు దాటిపోతుంది. వినియోగదారుల రక్షణ చట్టం–2019, 69వ సెక్షన్ ప్రకారం ఉన్నది రెండేళ్లే. మీరు అక్టోబరు నుంచి లెక్కపెడితే వాళ్ల లాయరు ఫిబ్రవరి నుంచి పెడతాడు. 2027 ఫిబ్రవరి లోపలే ఫిర్యాదు వేయండి. వాళ్ల ‘చేస్తాం సార్’లతో గానీ, మీ నోటీసులతో గానీ గడువు పెరుగుతుందని నమ్ముకోకండి.

ఇంజను గదిలో లాగ్‌బుక్ రాసిన మనిషి రెండు లక్షలు రసీదు లేకుండా ఇస్తారా! డబ్బు ముట్టినట్టు వాట్సాప్‌లో ఒక్క ముక్కైనా ఉందేమో వెతకండి. ఆ ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. మెసేజీలు దాఖలు చేసేటప్పుడు అవి ఏ ఫోను నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి.

తనిఖీ తేదీ చెప్పి, రమ్మని యార్డుకు స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. వాళ్లు వచ్చినా రాకపోయినా ఆ రోజు మెరైన్ సర్వేయరుతో రిపోర్టు రాయించండి. ఫిర్యాదు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరిచ్చింది 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కాబట్టి ఫీజు 200 రూపాయలే. పడవ సొంత సరదాకే అయితే ఆ మాట ఫిర్యాదులో రాయండి. టూరిస్టులను అద్దెకు తిప్పే ఆలోచన ఉంటే మాత్రం వ్యాపారం కోసమంటూ అభ్యంతరం లేవదీస్తారు. ఫిర్యాదుతోపాటే ప్లై ముక్కను సీలు వేసి ల్యాబ్‌కు పంపాలని 38వ సెక్షన్ కింద అడగండి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. శాంపిల్ తీశాక, కమిషన్ అనుమతితో కొత్త వడ్రంగిని పిలవండి.