బరంపురంలో ఉండిపోయిన కుక్క

ఒడిశాలోని బరంపురం నుంచి చికాగో వచ్చి ఇంకా ఏడాది కాని తమ్ముడొకరు అడిగారు: "ఇంట్లో మా లాబ్రడార్‌కు పదేళ్లు దాటాయి. నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకు రోజూ గేటు దగ్గర పడుకుంటోందని అమ్మ చెబుతోంది. ఇక్కడికి తెచ్చుకోవచ్చా? కుక్క కోసం ఇంత బెంగ ఏమిటని గదిలో వాళ్లు నవ్వుతున్నారు."

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మన ఇళ్లలో మనిషి పోతే మైల పాటిస్తారు, దినాలు చేస్తారు, వీధి వీధంతా వచ్చి పలకరిస్తుంది. కుక్క పోతే అవేవీ ఉండవు. మర్నాడు మామూలుగా పనికి వెళ్లాల్సిందే. దూరాన ఉన్నవాళ్లకైతే అది బతికుండగానే దుఃఖం మొదలవుతుంది. అమ్మానాన్నల మీద బెంగ అని చెబితే అందరూ ఊరడిస్తారు, కుక్క మీద బెంగ అని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడతాం. పదేళ్లు మీ చేతి అన్నం తిన్న ప్రాణి అది. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక తెచ్చుకోవడం సంగతి. అమెరికా నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది. కాబట్టి ముందు చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, ఆ తరువాత రేబిస్ టీకా, దానికి ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ ఉండాలి. టీకా పనిచేస్తోందని చూపే రక్తపరీక్ష ఫలితం లేకపోతే ఇక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చు మీదే. అనుమతి ఉన్న కొన్ని విమానాశ్రయాల్లోనే దించాలి. దేశం దాటించే పత్రం కోసం కోల్‌కతా, చెన్నై, హైదరాబాదు వంటి నగరాల్లోని కేంద్ర పశు క్వారంటైన్ కార్యాలయానికి వెళ్లాలి.

కుక్కకు రెండు మూడేళ్లయితే ఇవన్నీ ఓపికగా చేసి తెచ్చుకోండి అనేదాన్ని. పదేళ్లు దాటిన లాబ్రడార్‌ను తేవద్దు. ఆ జాతి బతికేదే పది, పన్నెండేళ్లు, కాస్త అటూ ఇటూ. ఎండలో రైలు ప్రయాణం, విమానం అడుగున పెట్టెలో ఒక పగలూ ఒక రాత్రీ, దిగాక మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ మూసిన తలుపు వెనుక ఒంటరితనం. అక్కడ దానికి తెలిసిన వాకిలి ఉంది, మీ అమ్మగారి అడుగుల చప్పుడు ఉంది. మీ బెంగ తీరడం కోసం దాన్ని అవన్నీ వదులుకోమనడం న్యాయం కాదు.

గేటు దగ్గర పడుకోవడం గురించి మరీ మథనపడకండి. తిండి తింటూ, రాత్రి నిద్రపోతూ, నాన్నగారిని చూసి తోక ఊపుతుంటే అది చాలావరకు అలవాటు. సాయంత్రం మీరు తిప్పే వేళకే మరొకరు తిప్పితే మెల్లగా సర్దుకుంటుంది. రెండు రోజులు వరుసగా గిన్నె ముట్టకపోతే మాత్రం "నీ మీద బెంగే" అని సరిపెట్టుకోనివ్వకండి. పళ్ల నొప్పో కీళ్ల నొప్పో కావచ్చు, వెంటనే పశువైద్యుడికి చూపించాలి. ఫోనులో మీ గొంతు వినగానే తలుపుల వెనుక వెతుకుతుంటే దాన్ని పేరు పెట్టి పిలవడం మానేయండి. ఊరికి వెళ్లేవారెవరైనా ఉంటే మీరు తొడిగి విప్పిన, ఉతకని చొక్కా ఒకటి పంపండి. కుక్కకు తెరమీద బొమ్మ కంటే వాసనే దగ్గర.

అసలు కష్టం అమ్మానాన్నలతో. మనవాళ్లు విదేశంలో ఉన్న పిల్లలకు చెడు కబురు చెప్పరు. పర్లాకిమిడిలో మా ఇంటి కుక్క పోయిన సంగతి నాకు పండగ వెళ్లాక చెప్పారు. అంతవరకు ఎప్పుడు అడిగినా "పెరట్లో పడుకుంది" అనేవారు. అది పోయినందుకు ఏడ్చిన ఏడుపు కొన్నాళ్లకు తగ్గింది. ఆ "పెరట్లో పడుకుంది" అన్న మాట మాత్రం చాలాకాలం గుచ్చుకుంది. అందుకని ఇప్పుడే, అది బాగున్నప్పుడే, నాన్నగారితో మాట్లాడండి. ఏం జరిగినా అదే రోజు చెప్పమని మాట తీసుకోండి. లేవలేక, తినలేక, మందులకు లొంగని నొప్పితో ఉంటే ప్రాణం విడిపించే ఇంజక్షన్ మాట వైద్యుడు ఎత్తుతాడు. మన పెద్దలు దాన్ని పాపం అనుకుంటారు. ముందు మత్తిచ్చి చేస్తే అది నిద్రలోనే పోతుంది. తీరని బాధలో రోజులు లాగించడం కంటే అదే దయ అని నా నమ్మకం. ఆ నిర్ణయం మీ ఇద్దరిదీ అని ముందే చెప్పి ఉంచితే ఆయన ఒక్కరే ఆ భారం మోయనక్కరలేదు. పెరట్లో పూడ్చేటట్లయితే బావికి దూరంగా, లోతుగా తవ్వించాలని కూడా చెప్పండి. మీరు వెళ్లిపోయాక ఆ ఇంట్లో మీ గుర్తుగా తిరుగుతున్నది అదే. అది పోతే వాళ్లకు ఇల్లు రెండోసారి ఖాళీ అవుతుంది. ఆ వారం రోజూ ఫోను చేయండి.

దీపావళి టపాసులకూ, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర డప్పులకూ ముసలి కుక్కలు వణికిపోతాయి. లోపలి గదిలో ఉంచి తలుపులు వేయమనండి, అవసరమైతే ముందుగానే మందు అడగమనండి.

తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకునే చిక్కు లేకపోతే ఈ ఏడాదే ఒకసారి వెళ్లిరండి. భువనేశ్వర్‌లో దిగితే బరంపురం సుమారు 170 కిలోమీటర్లు. ఈలోగా ఇక్కడ హడావుడిగా ఇంకో కుక్కను తెచ్చుకోకండి. అద్దె ఇంట్లో కుక్కకు వేరే డిపాజిట్ అడుగుతారు, ఊరికి వెళ్తే చూసేవారు ఉండరు. జంతువుల షెల్టర్లలో శని, ఆదివారాలు కుక్కలను నడిపించేందుకు స్వచ్ఛంద సేవకులను తీసుకుంటారు. ముందు అక్కడ పేరు ఇవ్వండి. ఉద్యోగం, ఇల్లు కుదురుకున్నాక సొంత కుక్క గురించి మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.