‘కృత్రిమ నరం’ అనవచ్చా?

సందేహం: మనిషి కణాలతో ల్యాబ్‌లో రక్తనాళాలు పెంచి, గాయపడినవారికి అమరుస్తున్నారన్న వార్త చదివాను. శీర్షిక ‘కృత్రిమ నరాలు వచ్చేశాయ్’ అని ఉంది. ఈ ప్రయోగం సరైనదేనా?

సమాధానం: మాటల్లో ‘నరం’ అనడం తప్పు కాదు. సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటుంది. బైపాస్ అయినవాళ్లింట్లో ‘కాలి నరం తీసి గుండెకు వేశారు’ అంటారు. రెండుచోట్లా అది సిరే. కానీ నరాల డాక్టరు చూసేవి వేరే నరాలు కదా! ఆ శీర్షిక చూసి పక్షవాతానికి వైద్యం దొరికిందని ఆశపడేవాళ్లూ ఉంటారు. రాతలో ‘రక్తనాళం’ అనే రాయాలి.

అసలు చిక్కు ‘కృత్రిమ’తోనే. డెక్రాన్, గోర్‌టెక్స్ అనే సింథటిక్ పదార్థాలతో చేసిన గొట్టాలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. పెద్ద నాళాల స్థానంలో బాగానే పనిచేస్తాయి, సన్నవాటిలో రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంటాయి. కృత్రిమమంటే అవీ. మీరు చదివింది బహుశా 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ‘సిమ్‌వెస్’ గురించి. అమెరికా శాస్త్రవేత్త లారా నిక్లసన్ బృందం 1999లో పందుల్లో చేసి చూపిన పద్ధతికి ఇది కొనసాగింపు. దాతల రక్తనాళాల నుంచి తీసిన కండర కణాలను, మెల్లగా కరిగిపోయే పాలిమర్ గొట్టం మీద వేసి వారాల తరబడి పెంచుతారు. ఆ కణాలు తమ చుట్టూ కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్‌ను అల్లుకుంటాయి. అదే నాళం గోడ. ఆపైన ఒంటికి పరాయిదనిపించకుండా కణాలన్నిటినీ కడిగేస్తారు.

అందుకే కొందరు రాసే ‘సజీవ రక్తనాళం’ కూడా కుదరదు. కుట్టేనాటికి అందులో బతికున్న కణం ఉండదు, రోగి కణాలు తర్వాత మెల్లగా వచ్చి చేరతాయి. నా ఓటు ‘ల్యాబ్‌లో పెంచిన రక్తనాళం’కే. ‘అభివృద్ధిపరచబడిన’ లాంటి బరువులు వద్దు. ఈ పద్ధతి పేరైన టిష్యూ ఇంజనీరింగ్‌ను ‘కణజాల ఇంజనీరింగ్’ అంటే చాలు, రెండో మాటనూ సంస్కృతంలోకి లాగితే ఎవరికీ అర్థం కాదు.

ఇక ‘వచ్చేశాయ్’ అన్నదీ తొందరపాటే. ఈ అనుమతి పెద్దవాళ్ల చేతులు, కాళ్ల ధమనులకు గాయమై, వెంటనే రక్తప్రసారం పునరుద్ధరించకపోతే ఆ అవయవమే పోయే పరిస్థితిలో, సొంత సిర వాడే వీలు లేనప్పుడు మాత్రమే. గుండె బైపాస్‌కు కాదు.