డిస్కులో ఖాళీ ఎంతో చెప్పే స్క్రిప్ట్ రాస్తున్న చిన్నాకి

హైదరాబాద్

చిన్నా,

నువ్వు పంపిన స్క్రిప్ట్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. అమీర్‌పేటలో కోర్సు ఇంకా పూర్తి కాలేదు, అప్పుడే ప్రెస్సు వాళ్లు నీ చేతికి పని అప్పజెప్పారంటే సంతోషమే. శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడగానే సర్వర్ నిండిపోవడం, పెళ్లికార్డు సేవ్ కావట్లేదని డిజైనర్లు గోల పెట్టడం, ఎవరి ఫోల్డర్ ఎంత తింటోందో రోజూ పొద్దున్నే చెప్పమని ఓనర్‌గారు నీ మీద పడటం, అంతా అర్థమైంది. పని చిన్నదే. కాకపోతే కొన్నిచోట్ల లెక్క పైకి బాగానే కనిపించి లోపల తప్పుతుంది. వాటి గురించే రాస్తున్నా.

ముందు డిస్కులో ఖాళీ ఎంతో చూపించే ఆ డీఎఫ్ కమాండ్ సంగతి. దాన్ని పైథాన్‌లోంచి నడిపి, వచ్చిన లైన్‌ని స్పేసుల దగ్గర ముక్కలు చేసి, నాలుగో ముక్క తీసుకుంటున్నావు. అది తీసేయ్. డీఎఫ్ వేసే పట్టిక మనిషి చదువుకోవడానికి. ఏదో ఒక నెట్‌వర్క్ షేర్ పేరులో ఒక్క స్పేస్ ఉందంటే నీ నాలుగో ముక్క ఐదోది అయిపోతుంది. పైగా డిజైనర్ల విండోస్ కంప్యూటర్లలో ఆ కమాండే ఉండదు. పైథాన్‌తోపాటే వచ్చే షుటిల్ మాడ్యూల్లో డిస్క్ యూసేజ్ అనే ఫంక్షన్ 3.3 వెర్షన్ నుంచీ ఉంది. పాత్ ఇస్తే టోటల్, యూజ్డ్, ఫ్రీ మూడూ బైట్లలో చేతికిస్తుంది. లినక్స్ అయినా, విండోస్ అయినా అదే.

ఇక యూజ్డ్, ఫ్రీ కూడితే టోటల్ రావట్లేదు, బగ్గా పెద్దమ్మా అని అడిగావు కదా. బగ్ కాదు. మీ సర్వర్‌లో ఉన్నది ఈఎక్స్‌టీ4, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చిపెట్టే లినక్స్ పద్ధతి. దాన్ని ఫార్మాట్ చేసేటప్పుడు మనం ఏమీ చెప్పకపోతే 5 శాతం జాగా రూట్ యూజర్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా కోసం పక్కన పెట్టేస్తుంది. ఆర్టీసీ బస్సులో 'స్త్రీలకు' అని రాసిన సీట్ల లాంటిదన్నమాట. సీటు ఖాళీగానే కనిపిస్తుంది, కానీ నువ్వు కూర్చోవడానికి లేదు. లినక్స్‌లో ఈ ఫంక్షన్ వెనకాల ఉన్నది ఓఎస్ మాడ్యూల్లోని స్టాట్‌వీఎఫ్‌ఎస్. అందులో ఖాళీకి రెండు అంకెలుంటాయి. ఎఫ్ బీఫ్రీ అంటే నిజంగా ఖాళీగా ఉన్న బ్లాకులన్నీ. ఎఫ్ బీఅవైల్ అంటే మామూలు యూజర్‌కి దొరికేవి. డిస్క్ యూసేజ్ నీకిచ్చే ఫ్రీ రెండోదాని లెక్క, యూజ్డ్ మాత్రం మొదటిదాన్ని టోటల్‌లోంచి తీసేసిన లెక్క. మీ 2 టీబీ డిస్కులో ఈ తేడా దాదాపు 100 జీబీ దాకా ఉంటుంది.

ఓనర్‌గారికి కావలసింది ఇంకా ఎంత పడుతుందన్నది. కాబట్టి ఫ్రీ చూపించు. శాతం చూపించాలంటే యూజ్డ్‌ని టోటల్‌తో భాగించకు. అలా చేస్తే డిజైనర్‌కి ఒక్క ఫైలూ సేవ్ కాని రోజున కూడా నీ రిపోర్టు 95 శాతం అంటుంది, ఇంకా 5 శాతం ఉందిగా అని ఆయన నీ మీదకే వస్తారు. యూజ్డ్, ఫ్రీ కూడి, ఆ మొత్తంతో యూజ్డ్‌ని భాగించు. డీఎఫ్ చేసేదీ అదే. బైట్లని జీబీ చేసేటప్పుడు 1000తోనా 1024తోనా అన్నది ఒకటి ఖాయం చేసుకుని రిపోర్టు అడుగున రాసెయ్. 1 టీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 931గా కనిపించేది అందుకే, షాపువాడు మోసం చేసి కాదు.

ఫోల్డర్లలోకి దిగడానికి ఒకచోట లిస్ట్‌డిర్ వాడావు. దాని బదులు స్కాన్‌డిర్ వాడు. లిస్ట్‌డిర్ ఉత్త పేర్లే ఇస్తుంది. అది ఫైలా, ఫోల్డరా తెలియాలంటే ఒక్కోదానికీ ఫైలు వివరాలు చెప్పే స్టాట్‌ని మళ్లీ పిలవాలి. స్కాన్‌డిర్ ఆ సంగతి పేరుతోపాటే తెస్తుంది, విండోస్‌లో అయితే సైజు, తేదీలు కూడా తెస్తుంది. 3.5 వెర్షన్‌లో వచ్చింది. ఎందుకు తెచ్చారో పెప్ 471 అనే పైథాన్ ప్రతిపాదన పత్రంలో చక్కగా వివరించారు, తీరిక దొరికినప్పుడు చదువు. ఫోల్డర్లన్నీ లోపలిదాకా తిరిగొచ్చే ఓఎస్ వాక్ వాడేది కూడా దీన్నే.

అయితే మొత్తం కూడేచోట నువ్వు వాడిన ఆ వాక్‌తో ఒక తంటా ఉంది. లోపలికి వెళ్లడానికి పర్మిషన్ లేని ఫోల్డర్ తగిలిందనుకో, కిక్కురుమనకుండా దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. నీ స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా పూర్తవుతుంది, మొత్తం మాత్రం తక్కువ వస్తుంది. అకౌంట్స్ ఫోల్డర్ నీ రిపోర్టులో సున్నా చూపించడానికి కారణం అదే అయ్యుంటుంది. ఆన్‌ఎర్రర్ అనే ఆర్గ్యుమెంట్‌కి ఒక ఫంక్షన్ ఇచ్చి, చదవలేకపోయిన ఫోల్డర్ల పేర్లు రిపోర్టులోనే వేయించు. నన్నడిగితే మొత్తం అంకె కంటే ఆ పేర్లే ముఖ్యం.

ఫైలు ఉందో లేదో ఎగ్జిస్ట్స్‌తో చూసి, ఆ తర్వాత సైజు అడుగుతున్నావు. ఆ రెండు లైన్ల మధ్యలో డిజైనర్ ఫైలు తీసేస్తే స్క్రిప్ట్ అక్కడే పడిపోతుంది. నేరుగా సైజు అడిగి, ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తే పట్టుకో. సిమ్‌లింక్‌లకు, అంటే వేరేచోట ఉన్న ఫైలుని చూపించే లింకులకు, స్టాట్ కాదు, ఎల్‌స్టాట్ వాడు. లేకపోతే ఎక్కడో ఉన్న ఫైలు సైజు ఈ ఫోల్డర్ ఖాతాలో పడుతుంది.

పాత పనులు ఏవో తేల్చడానికి ఎస్‌టీ సీటైమ్ తీసుకుని దానికి 'క్రియేట్ చేసిన తేదీ' అని హెడ్డింగ్ పెట్టావు. లినక్స్‌లో అది ఫైలు పుట్టిన తేదీ కాదు. పేరో, పర్మిషనో మారినా మారిపోతుంది. మొన్న మీవాళ్లు ఫోల్డర్లన్నిటికీ ఓనర్‌ని మార్చారన్నావు, అందుకే అన్ని ఫైళ్లూ ఒకే రోజున పుట్టినట్టు వచ్చాయి. ఎస్‌టీ ఎంటైమ్ తీసుకో, లోపలి విషయం చివరిసారి మారిన టైమ్ అదే. ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే ఎస్‌టీ ఏటైమ్ జోలికి పోకు. లినక్స్ 2009 నుంచి దాన్ని ప్రతిసారీ రాయడం మానేసింది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయంలో ఉందేమో కూడా చూడు. సీజన్‌లో రాత్రి రెండింటికి సేవ్ చేసిన కార్డు ముందు రోజు ఎనిమిదిన్నర రాత్రి లెక్కలోకి వెళ్తుంది.

మన తెలుగు పేర్ల గొడవ ఒకటుంది, ఇది నీకు ఏ కోర్సులోనూ చెప్పరు. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఒక్కోటీ 3 బైట్లు. 'హైదరాబాద్' అన్న ఒక్క మాటకే 27. అంటే ఆ 255 బైట్లలో పట్టేది మొత్తం 85 గుర్తులు. ఒత్తులతో నిండిన వధూవరుల పేర్లు, ఊరు, ముహూర్తం అన్నీ కలిపి ఫైలుకి పెడితే విండోస్ ఊరుకుంటుంది, ఎందుకంటే అక్కడ బైట్లతో పనిలేదు, 255 గుర్తుల దాకా పడతాయి. సర్వర్‌కి కాపీ చేసేటప్పుడు మాత్రం పేరు మరీ పొడుగని ఎర్రర్ వస్తుంది.

ఎక్స్‌టెన్షన్ వారీగా నువ్వు వేసిన పట్టిక చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఫైలు పేర్లు, పాత్‌లు చూసే పాత్‌లిబ్ మాడ్యూల్లో సఫిక్స్ అంటే చివరి చుక్క దగ్గర్నుంచి ఉన్నదంతా. 'చి.ల.సౌ.లక్ష్మి' అని ఎక్స్‌టెన్షన్ లేకుండా సేవ్ చేస్తే '.లక్ష్మి' అనేది ఒక ఫైలు రకమై కూర్చుంటుంది. సీడీఆర్, పీఎస్‌డీ, పీడీఎఫ్, జేపీజీ లాంటి నీకు తెలిసిన రకాలు ఒక జాబితాగా పెట్టుకుని, మిగతావన్నీ 'ఇతరాలు' కింద వెయ్.

పాత ఫైళ్లు తుడిచేసే లైన్ అడుగున కామెంట్‌లో పెట్టి ఉంచావు. అది ఈ స్క్రిప్ట్‌లో వద్దు, కామెంట్‌లో కూడా వద్దు. పెళ్లికార్డు వేయించుకున్నవాళ్లు మళ్లీ బారసాలకి వస్తారు, అప్పటి డిజైనే కావాలంటారు. ఏది తీయాలో ఓనర్‌గారు చెప్పాలి, నీ స్క్రిప్ట్ చూపించి ఊరుకోవాలి.

ఇవన్నీ మార్చాక ముందు ఒక్క ఫోల్డర్ మీద నడిపి, ఫోల్డర్ ఎంత జాగా పట్టిందో చెప్పే డీయూ కమాండ్ అంకెతో పోల్చు. కొంచెం తేడా వస్తుంది, కంగారుపడకు. నువ్వు కూడుతున్నది ఎస్‌టీ సైజ్, అంటే ఫైలులో ఉన్న బైట్ల లెక్క, డీయూ చూసేది డిస్కు మీద పట్టిన జాగా. ఎస్‌టీ బ్లాక్స్‌ని 512తో గుణించి కూడితే దాని దగ్గరకొస్తావు. అప్పటికీ కుదరకపోతే రెండు అంకెలూ నాకు పంపు.

అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ