కేస్ షీట్‌లో ‘సైకిల్ మీద నుంచి పడ్డారు’ అని ఉంటే పరిహారం వస్తుందా?

ప్రశ్న: విజయవాడలో మా కాలనీ రోడ్డు మీద నాన్నగారు సైకిల్‌పై వెళ్తుంటే వెనక నుంచి బైక్ గుద్ది తొడ ఎముక విరిగింది. ఐదు నెలలైంది. నడిపింది మా వీధి కుర్రాడే కాబట్టి పోలీసులకు చెప్పలేదు, ఆసుపత్రిలో తనే పడ్డారన్నాం. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు. కార్పొరేషన్‌పై కేసు వేయవచ్చా? ఈలోగా కాలనీవాళ్లమే సిమెంటు బ్రేకర్ వేసుకోవచ్చా?

జవాబు: రోడ్డు సంగతి తర్వాత. మీ కేసు తేలేది కేస్ షీట్‌లోని ఆ ఒక్క మాట దగ్గర. బీమా కంపెనీ వకీలు ముందు దాన్నే కోర్టుకు చూపిస్తారు. ఆ అబద్ధం వల్ల కుర్రాడికీ ఒరిగిందేమీ లేదు. బండికి బీమా అమల్లో ఉంటే సాధారణంగా పరిహారం కట్టాల్సింది కంపెనీయే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో క్లెయిం పిటిషన్ వేయాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇదే లెక్క. ఈ గడువుపై సుప్రీంకోర్టులో సవాలు ఉంది కదా అని ఆగకండి. మీ చేతిలో ఉన్నది నెల.

కేస్ షీట్ దిద్దించడానికి ఆసుపత్రి చుట్టూ తిరగకండి. దిద్దిన కాగితం ఉన్న సాక్ష్యాన్ని కూడా ముంచుతుంది. ఈ వారమే స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, అప్పుడు ఎందుకు అలా చెప్పారో, ఇన్నాళ్లు ఎందుకు ఆగారో ఉన్నదున్నట్టు రాయండి. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు, కారణం చెప్పకపోతే అనుమానం వస్తుంది. సీసీ కెమెరా దృశ్యాలు ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి. కుర్రాడి ఇంటివాళ్లు బిల్లుకు ఫోన్‌పేలో పంపిన డబ్బు, క్షమించమన్న వాట్సాప్ సందేశాలు, నాన్నగారిని లేపినవారి సాక్ష్యం వెతకండి. ఫోన్ నుంచి తీసిన ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం (అవి ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో తెలిపేది) తప్పనిసరి. బండి యజమానిని, బీమా కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. మీరుండే ఊరి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు.

బ్రేకర్ మాత్రం వేయకండి! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంలో గుండ్రటి బ్రేకర్‌కు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, ముందు హెచ్చరిక బోర్డు. కాలనీల్లో పోసేది అడుగు వెడల్పు సిమెంటు గట్టు. చీకట్లో దానిమీద ముందు పడేది సైకిల్‌వాళ్లే. రోడ్డుకు ఆటంకం కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 285 కింద కేసు, ఎవరైనా చనిపోతే 106(1) కింద నిర్లక్ష్యపు మరణం కేసు, వేసినవాళ్ల మీదికే వస్తాయి.

కార్పొరేషన్‌పై దావాకు ఇప్పుడు తొందరపడొద్దు. కమిషనర్‌కు, ట్రాఫిక్ డీసీపీకి ఫుట్‌పాత్ (నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు), బ్రేకర్, జీబ్రా గీతలు కోరుతూ ఫొటోలతో వినతి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కదలిక లేకపోతే అధికారులకు ఆదేశాలివ్వమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. ముందు అడిగిన కాగితం లేకుండా వెళ్తే, ‘అధికారుల దగ్గరికి వెళ్లారా?’ అన్న మొదటి ప్రశ్నకే ఆగిపోతారు.