క్రాక్ పెట్టింది కుర్రాడే, వాడుకున్నది ఎవరు?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు బాణసవాడిలో బిల్డింగ్ ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ఆరు సిస్టములు ఉన్నాయి. 2019లో నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడు డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు కొనకుండా క్రాక్ వెర్షన్ పెట్టి, తర్వాత మానేసి వెళ్లిపోయాడు. 2022లో రెండు కొత్త సిస్టములు కొన్నప్పుడు వాటిలోనూ అదే వేయించాను. ఇప్పుడు ఆ కంపెనీ లాయరు నుంచి నోటీసు వచ్చింది. ఏ మెషీనులో ఏ తేదీల్లో వాడామో అన్నీ రాశారు. పదిహేను రోజుల్లో జవాబు ఇమ్మన్నారు, తొమ్మిది రోజులైపోయాయి. నాన్న ఆపరేషన్, చెల్లి పెళ్లి అప్పులు ఇంకా తీరలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేనేమైనా వాళ్ల వస్తువు ఎత్తుకొచ్చానా? వాళ్లది వాళ్ల దగ్గరే ఉంది కదా. మూడేళ్లు దాటితే కేసు చెల్లదని కూడా అంటున్నారు. సిస్టములు ఫార్మాట్ కొట్టించెయ్, కంప్యూటర్ షాపులున్న ఎస్.పి. రోడ్డులో తెలిసినవాళ్లతో పాత తేదీ బిల్లు ఇప్పిస్తానని మా బావమరిది అంటున్నాడు. ఇంకో మాట. పోయినేడాది ఒక బిల్డరు నా ప్లానునే నాకు పైసా ఇవ్వకుండా హోరమావులో ఇంకో సైటులో వాడి కట్టడం మొదలుపెట్టాడు. అతణ్ని అడిగేవాళ్లు లేరు. చట్టం నాకేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అప్పుల సంగతి పక్కన పెట్టండి, దానితో తర్వాత పని పడుతుంది. మీ ఉత్తరంలో కోర్టు చదివేది ఒక్క వాక్యమే: "2022లో వాటిలోనూ అదే వేయించాను." మీ కేసంతా ఆ "వేయించాను" దగ్గరే ఉంది.

1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. దొంగ కాపీని తెలిసి వాడుకున్నవాళ్ల కోసం అందులో 63బి అని విడిగా ఒక సెక్షను ఉంది. 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేలకు తగ్గకుండా రూ.2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా వాడినవాళ్లను జరిమానాతో వదిలే వీలు అదే సెక్షనులో ఉంది గానీ, ప్లానుకు ఇంతని ఫీజు పుచ్చుకునే మీకు అది వర్తించదు. ఇక మిగిలింది "తెలిసి" అన్న మాట. కథ 2019తో ఆగి ఉంటే, కుర్రాడు పెట్టాడు, నాకు తెలియదని వాదించడానికి కొంత చోటుండేది. 2022లో మీరే పురమాయించాక అది పోయింది. కొత్త సిస్టములో వేయించడమంటే ఇంకో కాపీ చేయించడమే కాబట్టి, కాపీరైట్ ఉల్లంఘనకు శిక్ష వేసే 63వ సెక్షను కూడా కలుపుతారు. అది కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు కుర్రాడి మీదికి నెట్టకండి. "సార్ చెప్తేనే పెట్టాను" అని రేపు అతనే సాక్ష్యం చెబితే ఏం చేస్తారు?

మూడేళ్ల మాట సగమే నిజం. లిమిటేషన్ చట్టం 88వ ఆర్టికల్ ప్రకారం కాపీరైట్ నష్టపరిహారం అడగడానికి ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. కానీ మీ ఉల్లంఘన 2019లోనే ఆగిందా? నోటీసు వచ్చిన రోజు కూడా మీవాళ్లు అందులోనే గీస్తూ ఉండుంటారు. సాగుతూ ఉన్న తప్పుకు గడువు కూడా రోజూ కొత్తగా మొదలవుతుందని అదే చట్టం 22వ సెక్షను చెబుతోంది. ఈ పాయింటు మిమ్మల్ని కేసు నుంచి బయటపడేయదు, బేరంలో మాత్రం పనికొస్తుంది. నోటీసులోని తేదీల్లో మూడేళ్లు దాటిన వరసలను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. వాటికీ డబ్బు అడిగితే ఒప్పుకోనక్కర్లేదు.

ఇక మీ బావమరిది సలహా. ఫార్మాట్ కొడితే వాళ్ల సాక్ష్యం పోదండీ. మెషీను గుర్తింపు, ఐపీ అడ్రసు, తేదీలు వాళ్ల సర్వరులో భద్రంగా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్య చట్టం) 63వ సెక్షను అడిగే సర్టిఫికెట్ జతచేసి కోర్టులో పెడతారు. పోయేది మీ సాక్ష్యమే. ఆరింటిలో నిజంగా ఎన్నింట్లో వాడారు, ఎన్ని రోజులు వాడారు, వాళ్ల లెక్కలో తప్పెక్కడుంది అని చూపించడానికి మీ దగ్గర ఇంకేం మిగలదు. పైగా నోటీసు అందాక, కోర్టుకు చేరకూడదని ఎలక్ట్రానిక్ రికార్డు చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241 కింద విడిగా నేరం. పాత తేదీ బిల్లు ఇంకా ప్రమాదం. అమ్మినవాడి జీఎస్టీ రిటర్నులో ఆ బిల్లు ఉండదు, కంపెనీ రికార్డుల్లో మీ పేరు మీద లైసెన్సు ఉండదు. అబద్ధం బయటపడటానికి పూట పట్టదు. ఆ రోజు నుంచి అది ఫోర్జరీ కేసు. డబ్బుతో తేలే గొడవను అంతదాకా తీసుకుపోవడానికి బావమరిది ఒక్కడు చాలు.

"వాళ్లది వాళ్ల దగ్గరే ఉంది కదా" అన్నారు. హోరమావు బిల్డరూ సరిగ్గా ఇదే అంటాడు. మీ ప్లాను ఫైలు మీ దగ్గరే ఉంది, అతనేం ఎత్తుకెళ్లాడు? అయినా మీకు కడుపు మండింది. రాత్రుళ్లు కూర్చుని గీసిన పనికి రావాల్సిన కూలి రాలేదు కాబట్టే మండింది. ప్రోగ్రాము రాసినవాళ్లదీ కూలే. బెంగళూరులో ఉంటూ ఈ సంగతి వేరొకరు చెప్పాలా? మీ ఇంటి పై పోర్షనులో అద్దెకుండేవాళ్లు బహుశా ఆ జీతంతోనే బతుకుతుంటారు. ఇంకొకటి మీరు ఆలోచించినట్టు లేదు. లైసెన్సు కొని, ఆ ఖర్చు కూడా కలుపుకుని కొటేషన్ ఇచ్చే ఆఫీసులు మీ చుట్టుపక్కలే ఉంటాయి. మీరు చదరపు అడుగుకు రూపాయో రెండో తగ్గించి ఆ పనులు తెచ్చుకున్నారు. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చింది? సాఫ్ట్‌వేర్ కంపెనీ సంగతి అలా ఉంచి, ముందు నష్టపోయింది మీలాంటి డ్రాఫ్ట్స్‌మన్ ఒకతను.

బిల్డరు విషయంలో చట్టం మీవైపే ఉంది, రిజిస్ట్రేషన్ లేకపోయినా సరే. కాపీరైటు బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఒక సైటుకు ఫీజు ఇచ్చాను కాబట్టి ప్లానంతా నాదేనని అతను నోటిమాటతో అనలేడు. అయితే కాపీరైట్ చట్టం 59వ సెక్షను ప్రకారం కట్టడం మొదలయ్యాక ఆపమని గానీ కూల్చమని గానీ అడగలేరు, పరిహారమే అడగాలి. దానికీ 3 ఏళ్లే, మీ గడియారం పోయినేడాదే మొదలైంది. అగ్రిమెంటు ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పదకొండేళ్ల వ్యాపారానికి ఇంత అజాగ్రత్తా? అగ్రిమెంటు లేకపోతే, ఆ ప్లాను ఎప్పుడు ఎవరు గీశారో చెప్పే ఒరిజినల్ ఫైలే మీకు దిక్కు. అది ఏ సిస్టములో ఉందో చూసుకోండి, మీరు ఫార్మాట్ కొడతానంటున్న వాటిలోనే కదా! ఈ నోటీసు తేల్చుకున్నాకే బిల్డరు మీదికి వెళ్లండి. కోర్టులో బిల్డరు లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారు?" అనే వస్తుంది.

ఈ సాయంత్రమే ఆ సాఫ్ట్‌వేర్ వాడకం ఆపండి. ఏదీ చెరపకుండా హార్డ్ డిస్కులు తీయించి, తేదీ రాసి కవర్లలో పెట్టండి. కొత్త డిస్కుల్లో లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్ లాంటి ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాములు వేసుకోండి. పాత ఫైళ్లు తెరవడంలో కొంత చికాకు ఉంటుంది, కానీ అవి రాసినవాళ్లే వాడుకోమని అనుమతి ఇచ్చారు. వాటితో జరగని పనికి ఒకటో రెండో లైసెన్సులు కొనండి. ఆరు సిస్టములకూ ఎందుకు?

దొంగ నోటీసులూ తిరుగుతుంటాయి. కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపమని మీ లాయరు ద్వారా అడిగించండి. వాట్సాప్‌లో సారీలు చెప్పకండి. కోర్టు ఆర్డరు లేకుండా కంపెనీ మనుషులు వచ్చి సిస్టములు స్కాన్ చేస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. కోర్టు నియమించిన కమిషనరు ఆర్డరుతో వస్తే మాత్రం తలుపు తీయండి.

ఇప్పుడు లైసెన్సులు కొన్నంత మాత్రాన పాత వాడకం మాఫీ కాదు. ఆరు మెషీన్ల గత వాడకం మీద సివిల్, క్రిమినల్ రెండు రకాల చర్యలూ ఇంతటితో ముగిశాయని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాకే, నేరుగా కంపెనీ ఖాతాకే డబ్బు కట్టండి. వాయిదాలు అడగండి. మీ నాన్నగారి ఆసుపత్రి బిల్లులు, అప్పు కాగితాలు పనికొచ్చేది అక్కడ. నోటీసు, అది వచ్చిన కవరు, సిస్టములు కొన్న బిల్లులు పట్టుకుని రేపే లాయరు దగ్గరికి వెళ్లండి. ఇంకా ఆరు రోజులున్నాయి. బావమరిదిని మాత్రం వెంట తీసుకెళ్లకండి.