మన డెల్టాలో గడియారం గంట ముందుకు జరిపితే ఏం ఒరుగుతుంది?

అమెరికాలోలా వేసవిలో మనమూ గంట ముందుకు జరుపుకుంటే కరెంటు కలిసిరాదా అని అడిగారు. మన వైపు కలిసొచ్చేదేమీ లేదండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మాయి డల్లాస్‌లో ఉంటే ఓ ఏడాది ఫిబ్రవరి నుంచి జులై దాకా అక్కడున్నాం. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాస్తా 3 అయిపోయాయి. ఫోన్లు వాటంతటవే మారాయి. మారనివి రెండే: నా చేతి గడియారం, మా మనవడు. వారం రోజులు వాణ్ణి బడికి లేపలేక అమ్మాయి నానా తిప్పలూ పడింది. జూన్‌లో అయితే 8.30 దాకా పొద్దు గుంకదు. సంధ్య దీపం పెట్టకుండా అన్నాలేమిటని మా ఆవిడ, నిద్ర వేళ దాటిపోతోందని పిల్లలు.

ఇంటికొచ్చాకా వదల్లేదు. వాళ్ల శనివారం రాత్రి 8 గంటల ఫోను మనకి వేసవిలో ఆదివారం పొద్దున్న 6.30కి, నవంబరులో వాళ్లు గడియారం మళ్లీ వెనక్కి జరిపాక 7.30కి. పక్కింటబ్బాయి కువైట్‌లో ఉంటాడు. వాళ్లకి ఏడాది పొడవునా రెండున్నర గంటల తేడాయే, ఏ గొడవా లేదు.

ఇక మన సంగతి. దేశం మొత్తానికి టైము లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ తుని పక్కనుంచే పోతుంది. అమలాపురానికి సగటున రెండు నిమిషాలే తేడా. మన గడియారం ఇప్పటికే పొద్దుతో నడుస్తోందన్నమాట. పగలు కూడా డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13. లండన్‌లో అదే 8, పదహారున్నర! వేసవిలో గడియారం జరపకపోతే అక్కడ 4 కాకుండానే తెల్లారిపోతుంది. అందరూ పడుకున్నప్పటి ఆ వెలుతురుని సాయంత్రానికి తెచ్చుకోవాలనుకోవడంలో అర్థముంది. మనకి తెచ్చుకోవడానికి ఏముంది?

కరెంటంటారా, మా ఊళ్లో దాన్ని తాగేవి రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. మీరు ముల్లు ఎటు తిప్పినా అవి ఆ వేళకి తిరగాల్సిందే. కోతల కూలీలూ అంతే, చల్లపూటే దిగి ఎండ ముదిరేలోపు గట్టెక్కుతారు.

యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, దేశమంతా గంట ముందుకు జరిపారు కూడా. యుద్ధం అవగానే తీసేశారు.

నిజంగా అడగాల్సినవాళ్లు అస్సాంవాళ్లు. అక్కడ మనకన్నా చాలా ముందే తెల్లారుతుంది, తేయాకు తోటల్లో గంట ముందుండే ‘బాగాన్ టైము’ ఎప్పట్నుంచో వాడుకుంటున్నారు. వాళ్లకి వేరే టైము ఇవ్వాలంటే నేనూ సరేనంటాను. కానీ అది ఏడాది పొడవునా ఒకటే ఉండాలి, ఇలా రెండుసార్లు తిప్పేది కాదు.