డొమైన్ మీ పేరు మీదే ఉందా, అది ముందు చూడండి అక్కా

తిరుపతిలో కలంకారీ చీరల షాపు పెట్టి, డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) ఒక చోట, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే చోటు) ఇంకో చోట కొన్నారు, మూడు రోజులైనా సైట్ తెరుచుకోవడం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి. డొమైన్ కొన్న అకౌంట్లోకి వెళ్లి నేమ్‌సర్వర్లు (డొమైన్‌ని హోస్టింగ్‌తో కలిపేవి) అనే చోట హోస్టింగ్ వాళ్లు మెయిల్‌లో పంపిన రెండు పేర్లు పెట్టాలి, అది చేయకపోతే మూడు రోజులు కాదు మూడేళ్లయినా రాదు. మార్చాక కొన్ని గంటల్లో వచ్చేస్తుంది, ఒక్కోసారి 48 గంటలు పట్టొచ్చు.

ఆ డొమైన్ అకౌంట్ మీ మెయిల్‌తోనే ఉందా? మా బావ చిత్తూరులో పచ్చళ్ల సైట్ పెట్టినప్పుడు చేసిన కుర్రాడు డొమైన్ తన మెయిల్‌తో కొన్నాడు, ఏడాది తర్వాత ఫోన్ ఎత్తలేదు, రెన్యూవల్ తప్పింది, పేరు పోయింది. అట్టపెట్టెల మీద మాత్రం ఇంకా ఆ అడ్రసే ఉంది!

కార్ట్, పేమెంట్ గేట్‌వే (సైట్‌లోనే కొని డబ్బు కట్టే ఏర్పాట్లు) ఇప్పుడే వద్దు. ఒక్క పేజీ చాలు: చీరల ఫోటోలు, ధరలు, మ్యాప్, వాట్సాప్ బటన్. ఆ బటన్ లింకులో నంబరు ముందు 91 పెట్టాలి, దాని ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ పెట్టకూడదు, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, దాన్ని 200 కేబీకి తగ్గించి పెట్టండి, లేకపోతే నెట్ నెమ్మదిగా ఉన్న చోట చూసేవాళ్లకి పేజీ తొందరగా తెరుచుకోదు. కొంగు మీద కలం గీత కనపడేలా పగటి వెలుతురులో దగ్గరగా ఒక్క ఫోటో తీయండి, ప్రింట్ చీర కాదని జనానికి అప్పుడే తెలుస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో షాపు నమోదు ఉచితమే, అది ఈరోజే చేసేయండి.

నేమ్‌సర్వర్లు మార్చాక కూడా రాకపోతే స్క్రీన్‌షాట్ పెట్టండి, చూస్తాను.